పైడిరాజు హాజరు

మేడమీది గదిలో కనకం చెవులకు శ్రోత్రకాలు తగిలించుకుని గొర్లె సింహాచలం గొంతును గొంతులు మింగే నాదహారి యంత్రానికి అప్పగించింది. తెరమీద అతని స్వరరేఖ ఎగిరింది, దానికి ఎదురురేఖ లేచింది, రెండూ కలిసి చదునయ్యాయి. కింద మైదానంలో ఆ ఒంటికాలి మనిషి నోరు ఇంకా కదులుతూనే ఉంది. చుట్టూ యంత్రం గీసిన మౌనవలయం దాటి ఒక్క మాట రాలేదు. ఆమె తర్వాతి గొంతు అందుకుంది.

ద్వీపయుద్ధానికి పంపేటప్పుడు ప్రభుత్వం మైదానంలోని ఈ సిపాయిలకు జీవితాంతం రణభృతి ఇస్తానంది, పోతే ఇంటివాళ్లకు ఇస్తానంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. కరువు ముదిరి రేషన్ బియ్యం సగమయ్యేసరికి అందరికంటే ముందు వీళ్లే బరువయ్యారు. భృతి రద్దు ఉత్తర్వు ఈ సూర్యాస్తమయానికి చట్టమవుతుంది. ఈలోగా వలయానికి బయట, మైదానం అంచునున్న శ్రవణస్తంభానికి ఒక్క గొంతు ఆక్షేపణ వినబడినా ఉత్తర్వు ఆగి విచారణ జరగాలి. ఎంత ధర్మమైన నిబంధన. కాకపోతే మైదానంలోకి రావాలంటే గేటు దగ్గర పేరు చెప్పాలి, ఆ చెప్పడంలోనే గొంతు నాదహారికి చిక్కుతుంది. యంత్రం నడిపేవాళ్ల గొంతులు మాత్రం దానికి ఇవ్వరు. వాళ్లు మాట్లాడతారని ఎవరూ అనుకోలేదు.

కనకం అన్న పైడిరాజు ఆ యుద్ధంలోనే పోయాడు. అతని భృతితో తల్లికి మందులు, ఈ ఉద్యోగంతో ఇంటికి తిండి. ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో లాక్కునే ఈ ఏర్పాటు తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండింది. మండుతున్నా మీటలు నొక్కుతూనే ఉంది.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా పర్యవేక్షకుడు సదాశివరావు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇంకాసేపే కదమ్మా. గొడవ లేకుండా కానిచ్చెయ్."

"ఆళ్లు వరసలు కడతన్నారండి," అంది కనకం.

కింద సుబేదార్ గురువులు సాయంత్రపు హాజరు మొదలుపెట్టాడు. ఆ పటాలంలో పోయినవాళ్ల పేర్లు కొట్టెయ్యరు. పేరు పిలిచినప్పుడు రక్తసంబంధీకులుంటే వాళ్లు పలుకుతారు, లేకపోతే పటాలమంతా పలుకుతుంది. సెలవుకు వచ్చినప్పుడు అన్న ఆ సంగతి గర్వంగా చెప్పేవాడు.

"బోని పైడిరాజు."

పటాలం పలకలేదు. గురువులు మేడమీది కిటికీ అద్దం వైపు చూశాడు.

"ఆడి సెల్లి ఆ మేడమీదే పని సేస్తంది," అన్నాడు పక్కవాడితో. "ఇంకోపాలి పిలుస్తాను. ఆయమ్మ పలక్కపోతే మనమే పలుకుదాం."

ఆ మాట శ్రోత్రకాల్లోంచి సూటిగా కనకం చెవిలో పడింది. పొద్దుటినుంచి తాను నులిమిన గొంతుల్లో ఒక్కటీ ఆమెను తిట్టలేదు. అందుకే కోపం ఇంకా పెరిగింది, తనమీదా, వెనక నిలబడ్డవాడిమీదా.

"ఆ గొంతు కూడా తుడిచెయ్," అన్నాడు సదాశివరావు.

"బోని పైడిరాజు."

కనకం శ్రోత్రకాలు తీసి బల్లమీద పెట్టింది. కిటికీ తెరిచింది. శ్రవణస్తంభం సరిగ్గా ఎదురుగా ఉంది.

"హాజర్," అని అరిచింది. "మా అన్న భృతి ఆపడానికి నానొప్పుకోను. ఈళ్లందరిదీ ఆపడానికీ ఒప్పుకోను."

సదాశివరావు నాదహారి మీద పడి మీటలన్నీ నొక్కాడు. ఎవరి గొంతో చెప్పమని యంత్రం అడిగింది. ఇవ్వడానికి అతని దగ్గర ఆ గొంతు లేదు. ఆక్షేపణ విన్నట్టు స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది. మైదానంలో పటాలమంతా తలలెత్తి దాన్నే చూసింది.

"రేపట్నుంచి ఏం తింటావ్, ఎక్కడుంటావ్?" అన్నాడు సదాశివరావు.

"ఆళ్లతోనే కూకుంటానండి," అంది కనకం. "గేటుకాడ పేరు మాత్రం సెప్పను."