మాట అయ్యేదాకా

ఆఫీసులో నా బల్ల మీద రెండు స్క్రీన్లుండేవి. ఒకటి పనికి. రెండోది మా అక్కకి.

అక్క బడిలో పాఠాలు చెప్పేది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. ఆ వేలి కోసం ఒక అక్షరాల పలక చేయించాను. ఆమె మంచం మీద నుంచి నొక్కిన అక్షరం నెట్ మీదుగా నా కంప్యూటర్‌కి చేరుతుంది. మాటకీ మాటకీ మధ్య కామా పెడుతుంది. చెప్పదలుచుకున్నది అయ్యాక పలక అంచునున్న పచ్చ బటన్ నొక్కుతుంది. అదే ముగింపు గుర్తు. అది వచ్చేదాకా నా ప్రోగ్రాం అక్షరాలన్నిటినీ లోపలే పట్టుకుని కూర్చుంటుంది. వచ్చాకే మొత్తం స్క్రీన్ మీద పెడుతుంది.

అలా ఉండాలన్నది అక్కే. "సగం సగం చూడకు పిచ్చుకా, తప్పులు దిద్దుకోనీ" అని మొదటి రోజే రాసింది. చిన్నప్పుడు నా వాగుడు భరించలేక ఆమె పెట్టిన పేరు అది.

చివరి రోజుల్లో ఆ స్క్రీన్ ఖాళీగా ఉండేది. ఫోన్ చేస్తే బావ, "వేలు ఆడిస్తూనే ఉందమ్మా, నీకేం రావట్లేదా?" అనేవాడు. ఓపిక లేక ఊరికే తడుముతోందనుకున్నాం. తర్వాత ఒకనాడు నిద్రలోనే పోయింది.

అన్నీ అయ్యాక మళ్లీ ఆఫీసుకి వచ్చాను. సాయంత్రం ముసురు పట్టింది. ఒక్కొక్కరే గొడుగులు తీసుకుని వెళ్లిపోతున్నారు. సర్వర్లు చూసుకునే పెద్దాయనని అందరం బాబాయ్ అంటాం. ఆయన నా దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, నీ ప్రోగ్రాం ఇంకా ఎవరి లైనో పట్టుకుని వేలాడుతోంది. మూసెయ్యనా?"

"నేను చూసుకుంటాలే బాబాయ్."

అవతల కరెంటు తీసేసినా ఇవతల కనెక్షన్ తెరిచే ఉండిపోవడం మాకు కొత్తేం కాదు. మూసే ముందు, లోపల ఏమైనా మిగిలిందేమోనని పని స్క్రీన్ మీద తెరిచి చూశాను.

చాలా ఉంది.

"పిచ్చుకా, వేలు పచ్చ బటన్ దాకా పోవట్లేదు, బావని నొక్కమను, దాహంగా ఉంది, చదవట్లేదా, పనిలో ఉన్నావేమోలే, వీలైతే ఒకసారి రా,"

రోజుల తరబడి పిలిచింది. ముగింపు గుర్తు అందలేదని ఆ పిలుపులన్నీ ఇక్కడే, నా మోచేతి పక్కనే, ఆగిపోయాయి. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

తలెత్తి చూస్తే కింద ఇంకా ఉంది.

"బావ ఎందుకేడుస్తున్నాడు, నా నీలం చీర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావేం, పిలిస్తే ఎవరూ పలకరు,"

నేను ఆ చీర పట్టుకుని కూర్చున్నది ఆమె పోయాక.

గదిలో ఎవరూ లేరు. సర్వర్ల హోరు ఒకటే వినిపిస్తోంది. ఎక్కడి నుంచో నొప్పుల నూనె వాసన... రోజూ అక్క చేతికి రాసే నూనె. నా కళ్లముందే ఒక అక్షరం వచ్చింది.

చీ...

ఆగింది. తర్వాత క. చాలాసేపటికి టి.

బావకి ఫోన్ చేశాను.

"పలక ఎక్కడుంది బావా?"

"అలమరలో. బ్యాటరీ ఆ రోజే తీసేశాగా."

"ఒకసారి బయటికి తియ్యి."

అలమర తలుపు కిర్రుమంది. బావ గొంతు తగ్గించి అన్నాడు.

"వెచ్చగా ఉందేంటమ్మా..."

పని స్క్రీన్ మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. "చెప్పాల్సింది అయింది, ఏడవకండి, ఇక నొక్కమను"

"పచ్చ బటన్ నొక్కు బావా."

"బ్యాటరీ లేదు కదా..."

"నొక్కు. పాపం, అది నొక్కేదాకా అక్క మాట అయినట్టు కాదు."

టక్‌మన్న చప్పుడు ఫోన్‌లో విన్నాను. ఇన్నాళ్లూ ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా అక్క స్క్రీన్ మీద పరుచుకున్నాయి. నూనె వాసన మెల్లగా పోయింది.

"ఏమంది?" అన్నాడు బావ.

"ఏడవద్దంది."

ఆ మాటకి ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడుపు ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉన్నాను. అక్క ఇక కష్టపడక్కర్లేదని గుండె కాస్త తేలికైంది. కనెక్షన్ మూసెయ్యబోయాను.

లోపల మళ్లీ కదలిక.

అక్క ఒక్కో అక్షరానికీ తడుముకునేది. ఇవి వేగంగా వస్తున్నాయి... పది వేళ్లూ ఉన్నవాళ్లు కొట్టినట్టు.

"ఆవిడది అయిందా అమ్మా, ఎప్పట్నుంచో ఈ చీకట్లో నిలబడి ఉన్నాం, ముందు నన్ను చెప్పనివ్వు, మా వాడికి,"