బొందు గీసిన గీత

చెబితే నవ్వుతారు గానీ, రవికిరణ్ చొక్కా కింద పొట్టని లోపలికి నొక్కే బెల్టు కట్టేవాడు. మెట్రోలో భవ్యశ్రీ పరిచయమైన మర్నాడే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు, పిచ్చి నాయన. ఆరు నెలలుగా సగం ఊపిరితోనే ఆ పిల్లతో కబుర్లు చెప్పాడు. మనసులో మాట మాత్రం చెప్పలేదు.

ఆదివారం జనక్‌పురిలో ఆమె గీసిన బొమ్మల ప్రదర్శన. ఇవాళ చెప్పేయాలని ఊరికి ఆ చివరనున్న ఇందిరాపురం నుంచి బయలుదేరి వచ్చాడు.

చిన్న హాలు. గోడల నిండా మనుషుల ఒళ్ళే, ముఖాలు లేవు. టై బిగిసి కందిన మెడ, జాకెట్టు హుక్కులు అచ్చుపడ్డ వీపు, మేజోళ్ళు కోసిన పిక్కలు. బట్టలు విప్పాక ఒంటిమీద మిగిలే గుర్తులన్నమాట. ఒక బొమ్మలో మడతలు పడ్డ నడుము. దాని చుట్టూ లంగా బొందు ఏళ్ళ తరబడి ఒరుసుకుని మిగిల్చిన నల్లటి గీత.

అది చూడగానే అతనికి బెల్టు కింద మంట పుట్టింది. తన గుట్టే గోడకెక్కినట్టయింది. ఆ కంగారులో నోరు జారాడు.

"ఛ, ఇదేం బొమ్మండీ! ఎవరో గానీ, ఆవిడకైనా సిగ్గుండక్కర్లా?"

బొమ్మలు చూపిస్తున్న భవ్యశ్రీ గబుక్కున వెనక్కి తిరిగింది. పక్కనే సమోసాలు సర్దుతున్న వాళ్ళమ్మ లీలావతి తలెత్తింది.

"నేనే బాబూ," అని కొంగు లాగి నడుము కప్పుకుంది.

అతను ఇక అక్కడ నిలబడలేకపోయాడు. మెట్ల మీదకి పారిపోయి, ఊపిరాడక చొక్కాలో చెయ్యి పెట్టి బెల్టు లాగాడు. పట్టీ ఊడుతూ చర్రుమంది. వెనకే భవ్యశ్రీ!

"ఏంటది?"

"పొట్టకి... బెల్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మిమ్మల్ని చూసినప్పటి నుంచి."

"జూన్‌లో కూడానా?"

"చెమటకాయలు కూడా వచ్చాయండీ."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "రెండు నెలలు బతిమాలితే కూర్చుంది మా అమ్మ ఆ బొమ్మకి. ఇవాళ ధైర్యం చేసి జనంలోకి వచ్చింది. మీరేమో..."

"మీరింక నాతో మాట్లాడకపోయినా సరే. ఆంటీకి ఒక్కమాట చెప్పనివ్వండి."

"వెళ్ళండి మరి."

పొట్ట ముందుకి, తల కిందకి. అలాగే లోపలికి నడిచాడు.

"ఆంటీ, సిగ్గు నాదండీ. మీ మీదకి తోసేశాను. నాకూ ఉంది అలాంటి గీత, చూడండి," అని చొక్కా కాస్త ఎత్తాడు.

లీలావతి కొంగు వదిలేసి వంగి చూసింది. "అయ్యో, తోలు లేచిపోయిందే! ఎవరికోసమయ్యా ఇదంతా?"

అతను భవ్యశ్రీ వైపు చూడలేక నేల చూశాడు. ఆవిడకి అర్థమైంది.

"మా ఆయనకీ ఇంతే పొట్ట. పాతికేళ్ళు కాపురం చేయలేదూ నేను? పద, ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుని, అన్నం తిని వెళ్దువుగాని."

"అమ్మా!" అంది భవ్యశ్రీ. సిగ్గుపడటం ఈసారి ఆ పిల్ల వంతయింది.