రెండూ ఎడమ కాలివే

"ఆంటీ, ఈ బూటు నా కాలికి పట్టట్లేదు."

స్కేటింగ్ హాలు కౌంటర్ ముందు ఒక చిన్న పాప బెంచీ మీద కూర్చుని చక్రాల బూటుతో కుస్తీ పడుతోంది. లోపల తన జట్టు పిల్లలంతా అప్పుడే వరుసలో నిలబడ్డారు. ఈరోజు వాళ్లకి పరీక్ష. పడకుండా మూడు చుట్లు తిరిగితే పెద్ద పిల్లల జట్టులోకి వెళ్తారు.

కౌంటర్లో పనిచేసేది చిట్టి వాళ్లమ్మ. ఆమె వంగి చూసింది. పాపకి ఇచ్చినవి రెండూ ఎడమ కాలి బూట్లే.

అటుగా వచ్చిన మేనేజర్ కూడా చూశాడు. "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావమ్మా ఈ పని? ఎడమేదో కుడేదో ఇంకా తెలీదా?" అన్నాడు.

అమ్మ మొహం చిన్నబోయింది. "సారీ సార్, ఇప్పుడే వెతికి ఇస్తాను" అంది. అంతే. పక్కనే కంప్యూటర్ ముందు కూర్చున్న కూతురు చిట్టి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఏది ఎడమో ఏది కుడో అమ్మకి చెప్పింది చిట్టి కంప్యూటరే.

పాపం, చిట్టి మంచి చేద్దామనే మొదలుపెట్టింది. రోజూ పిల్లలు విప్పి పడేసిన బూట్ల గుట్ట ముందు అమ్మ గంటసేపు వంగి జతలు కలుపుతుంది. నడుం పట్టేస్తుంది. అందుకే చిట్టి స్కూల్ కంప్యూటర్ క్లబ్బులో ఒక న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేసింది. అంటే బొమ్మలు చూసి చూసి పోలికలు పట్టే ప్రోగ్రామన్నమాట. బూటుని కెమెరా కింద పెడితే సైజెంతో, ఎడమో కుడో చెప్పేస్తుంది. దాన్నిబట్టి అమ్మ ఎడమవి ఒక అరలో, కుడివి ఒక అరలో సర్దేస్తుంది.

మొదట్లో బూటు కాస్త అడ్డంగా పెడితే చాలు, తికమకపడేది. "ఎటు తిప్పినా అదే బూటు కదా. ఒక్కో ఫోటోని నాలుగు వైపులా తిప్పి చూపించు" అన్నారు కంప్యూటర్ టీచర్. చూపిస్తే భలే కుదిరింది. వారం రోజులు ఒక్క తప్పూ రాలేదు.

టీచర్ ఇంకో మాట కూడా అన్నారు. "ఏ మార్పు చేసినా, చేశాక కూడా అది అదే వస్తువో కాదో చూసుకో." ఆ మాట చిట్టి చెవికెక్కలేదు. ఈ పొద్దున ఫోటోలన్నిటినీ అద్దంలో బొమ్మల్లా తిరగేసి మరీ నేర్పింది. ఫోటోలు రెట్టింపయ్యాయని తెగ మురిసిపోయింది.

బెంచీ మీద పాప కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నన్ను వదిలేసి మొదలెట్టేస్తారా?" అంది.

చిట్టి ఇక కూర్చోలేకపోయింది. ఆ బూటు తీసుకెళ్లి గోడకున్న అద్దం ముందు పట్టుకుంది. చేతిలో ఎడమ బూటు. అద్దంలో కుడి బూటు. ఎడమ అని చెప్పి తను నేర్పినవాటిలో సగం కుడి బూట్ల బొమ్మలే.

"సార్, తప్పు అమ్మది కాదు. నాది" అంది. "కంప్యూటర్‌కి నేనే తప్పుగా నేర్పాను. ఈ పాపని పరీక్షకి చివర్లో పిలవమని చెప్తారా?"

మేనేజర్ చిట్టి వైపు, వాళ్లమ్మ వైపు చూశాడు. "చెప్తాను. తొందరగా కానివ్వండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "ఏమీ అనుకోకమ్మా" అని అమ్మతో అన్నాడు.

తల్లీ కూతుళ్లిద్దరూ అరలన్నీ వెతికారు. కుడి బూటు ఎడమ బూట్ల అరలో, అన్నిటికంటే వెనకాల దొరికింది.

పాప మూడో చుట్టులో కాస్త తూలింది కానీ పడలేదు. అప్పుడు అమ్మ వైపు తిరిగింది చిట్టి.

"నా వల్లేనని ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది.

"నువ్వే చెప్తావని" అంది అమ్మ.

చిట్టి అద్దం బొమ్మలన్నీ తీసేసి, తిప్పిన ఫోటోలతోనే మళ్లీ మొదటినుంచి నేర్పింది. సాయంత్రం మొదటి బూటు కెమెరా కింద పెట్టగానే తెర మీద 'కుడి' అని వచ్చింది. అమ్మ దాన్ని అరలో పెట్టబోయింది.

"ఆగమ్మా" అంది చిట్టి. చెప్పు విప్పి, ఆ బూటులో తన కుడి కాలు పెట్టి చూశాకే అరలో పెట్టనిచ్చింది.