బొమ్మ ఉన్న గోడ

"ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలె." ఆశ్రిత, యోబుతో అన్న మొదటి మాట అదే.

ఆమె కామారెడ్డి నుంచి వచ్చిన ఇంజనీరు. ఎల్లారెడ్డిలో నిజాం కాలంనాటి వరుస ఇండ్లు ఎంత పాడయ్యాయో చూడడానికి ఆఫీసు పంపింది. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. అందరూ వెళ్లిపోయారు, మధ్య ఇంట్లో ఒంటరిగా ఉండే డ్రాయింగ్ సారు యోబు తప్ప.

అతను వాదించలేదు. లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. గోడ నిండా తడి జుట్టు ఆరబెట్టుకుంటున్న అమ్మాయి బొమ్మ.

అతని తాత అబ్రాహాము పేరున్న చిత్రకారుడు. మద్నూర్ దాకా వెళ్లి బొమ్మలు వేసేవాడు. గోడ అవతలి ఇంట్లో మరియ ఉండేది. ఇద్దరూ గోడ తట్టి మాట్లాడుకునేవారట. పెళ్లయ్యాక అదే గోడమీద ఆమెను గీశాడు.

ఆశ్రిత కళ్లు మాత్రం బొమ్మ పక్కనున్న బీట మీదే ఉన్నాయి. అందులో ఆమె వేలు దూరింది.

తర్వాత తనిఖీ పేరుతో మళ్లీ మళ్లీ వచ్చింది. "బీటను చూడనీకి వచ్చిన్రా, నన్నా మేడమ్?" అని అతను ఏడిపించేవాడు. ఆమె ఉడుక్కునేది. కానీ కామారెడ్డిలో మబ్బు పడితే చాలు, ఆ గోడ ఎలా ఉందోనని అతనికి ఫోన్ చేసేది.

ఆ వారం ముసురు పట్టింది. యోబు ఫోన్ ఎత్తడం లేదు. ఆశ్రిత బస్సెక్కింది.

వెళ్లేసరికి అతను గోడకు కర్ర ఆనించి పట్టుకుని ఉన్నాడు. మట్టి రాలుతోంది. పైన దూలం కిర్రుమంది.

"యోబూ, బయటికి రా."

మరియ అవ్వ ముఖం చూసుకోవడానికి ఈ బొమ్మ ఒక్కటే మిగిలిందని, వదిలి రానని అన్నాడు.

ఆమె లోపలికొచ్చి కర్ర పట్టుకుంది. అతను భుజంతో ఆమెను వెనక్కి నెట్టాడు.

"మీద పడ్తది. పో ఆశ్రితా."

"నాకు భయమైతుంది. కానీ నిన్ను ఈడ ఇడిసి బయట నిలబడుడు ఇంకా భయం."

అతను కర్ర వదిలేసి ఆమె చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. వీధి దాటారో లేదో, గోడ కూలిపోయింది. యోబు వానలో నిలబడి ఏడ్చాడు. ఆమె చెయ్యి వదలలేదు.

అంతలో ఆమె తండ్రి గంగారాం ఫోన్ చేశాడు.

"బాపూ, నాతోని ఒకరిని ఇంటికి తీస్కొస్తున్న. పేరు యోబు. ఆయననే పెండ్లి చేసుకుంట."

ఆ పేరు విని, "కిరస్తానీ పిలగాడా?" అన్నాడు గంగారాం. ఆశ్రిత అవునంది.

గంగారాం ఇంకొక్కటే అడిగాడు. "ఇద్దరు తడిసిన్రా బిడ్డా?"

"తడిసినం బాపూ."

"జల్ది రాండ్రి. మీ అమ్మను నీళ్లు కాగపెట్టుమంట."