గంట దిబ్బ పిలుపు

ఆ దిబ్బ పేరెత్తితే చాలు, టండ్రాలో ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకుంటాడు. నేల గడ్డకట్టి తవ్వడానికి లొంగదు కాబట్టి, చచ్చినవాళ్ల పెట్టెలు అక్కడ మంచు మీదే ఉంటాయి. పక్కన తిరగేసిన స్లెడ్జీలు, అంటే జింకలు లాగే మంచుబండ్లు. పెట్టెల మీద కట్టిన అడ్డకర్రకి ఒక గంట... బంధువులు వచ్చి ఒకసారి మోగించి, ఇంత మాంసం పెట్టి పోతారు. సూర్యుడు మొహం చాటేసే చీకటి నెలల్లో మాత్రం ఆ గంట దానంతటదే మోగుతుందట. పేరు పెట్టి పిలుస్తుందట. ఎవరా అని దగ్గరికి వెళ్లినవాడు మళ్లీ వసంతం చూడడట.

ఈ పిలుపు కథ పుట్టించింది యాబ్కో అనే వేటగాడు. దిబ్బ చుట్టూ తెల్లనక్కలు బాగా తిరుగుతాయి. అక్కడ ఉచ్చులు తనొక్కడే పెట్టుకోవాలని నిప్పు దగ్గర కూర్చుని కథ అల్లి వదిలాడు. జనం నమ్మారు. ఎదిగిన కొడుకు తేతకో కూడా నమ్మాడు. వాడికైనా నిజం చెప్పొచ్చుగా? చెప్పలేదు, మహా గడుసువాడు.

ఒక చలికాలం, చీకటి నెలల్లో, యాబ్కో జింకల మందని చూసొస్తానని ఇంట్లో చెప్పి, కాలినడకన ఉచ్చుల దగ్గరికి పోయాడు. మంచు కింద గడ్డిదుబ్బుల మధ్య కాలు ఇరుక్కుంది... ఫట్‌మని ఎముక విరిగింది.

అరిచాడు. ఆ అరుపుని గాలి మింగేసింది. పాక్కుంటూ పాక్కుంటూ గంట దగ్గరికి చేరి, తాడు లాగాడు.

దూరంగా పోతున్న స్లెడ్జి ఒకటి ఆగింది — మరుక్షణం జింకల్ని అదిలించి పరుగు తీసింది. తర్వాత వచ్చినదీ అంతే. యాబ్కోకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. బతకాలంటే ఇంకొక్క బండి రావాలి.

వచ్చింది. జింకల్ని అదిలిస్తున్న ఆ గొంతు... తేతకోది.

"ఒరే తేతకో... నేనురా, మీ నాన్నని. కాలు విరిగిందిరా."

స్లెడ్జి ఆగింది. యాబ్కోకి ప్రాణం లేచొచ్చింది. అంతలో చీకట్లోంచి ఏదో ఎగిరొచ్చి అతని ముందు పడింది. మాంసం ముక్క.

"తిని ఊరుకో," అంది కొడుకు గొంతు. "మా వెంట రాకు."

"పిచ్చి నాయనా, ఇటు చూడరా —"

తేతకో తోలు టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. వెనక్కి తిరక్కుండా తోలుకుపోయాడు.

మాంసం వాసనకి తెల్లనక్కలు రెండు వచ్చాయి. ముక్క తినేసి, మెల్లగా దగ్గరికి జరిగి అతని బూటు వాసన చూశాయి.

గుడారంలో తల్లి సేవ్నే పులుసు దించుతోంది. తేతకో పళ్లు ఇంకా టకటకమంటున్నాయి.

"అమ్మా, దిబ్బ పిలిచింది... అచ్చం నాన్న గొంతే."

"దగ్గరికి వెళ్లావా?"

"లేదు. మాంసం పడేసి వచ్చేశా."

"మంచి పని చేశావు నాయనా. అయినవాళ్ల గొంతుతోనే పిలుస్తుందని మీ నాన్న చెప్తూనే ఉంటాడుగా."

ఆమె ఒక గిన్నెలో పులుసు పోసి, మూతపెట్టి, నిప్పు పక్కన ఉంచింది.

"ఆయన మంద దగ్గర్నుంచి రానీ, నువ్వే చెప్పు. తన మాట విని బయటపడ్డావంటే ఎంత సంతోషిస్తాడో."