రెండో డ్రమ్ము

జర ముందుకు జరిగి కూర్చోండ్రి, అవ్వలారా, అయ్యలారా. ఇయ్యాల భజనలో నా చేతికి చిడతలు ఇయ్యకుండ్రి. ఎందుకో చెప్త. అంజన్న దేవుని సాక్షిగా, జరిగింది జరిగినట్టే చెప్త.

మా చెల్లె వినోదది శ్రీరాంపూర్. ఆమె కొడుకు కరుణాకర్ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ఒక వీడియో గేమ్ తెచ్చిండు. రెండో భాగమట, మొదటి దానికన్నా కష్టమట. టీవీలో పాట నడుస్తుంటే ఎర్ర చుక్కలు, నీలి చుక్కలు ఉరికొస్తయి. ముందర రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు. కరుణాకర్ ఒక వరుస కొడితే, అతని చెల్లె ప్రవళిక రెండో డ్రమ్ము మీద జవాబు కొట్టాలె.

"మామా, నీ చిడతల కన్నా మా తాళమే నయం," అనేటోడు పిల్లగాడు.

"నీ డబ్బాకు దేవుడు పలుకుతడారా?" అనేటోణ్ణి.

మొన్న ఎండకాలం బైకు లారీకి తగిలింది. పిల్లగాడు పోయిండు.

మూడోనాడు గోదావరి ఒడ్డున పిట్టకు, అదే కాకికి, పెట్టినం. బగారన్నం, మటన్, అతనికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టినం. పిట్ట ముట్టలే. అది ముట్టకపోతే పోయినోని మనసులో ఏదో కోరిక మిగిలినట్టే కదా. ఎండ నెత్తికెక్కింది. వినోద ఇసుకలో పడి ఏడుస్తున్నది.

"అన్నా, ఏదన్న మాటియ్యి. నా కొడుకు అలిగిండు."

అందరూ నా దిక్కే చూసిండ్రు. గొంతెత్తి చెప్పిన: "కొడుకా, మీ అన్నాచెల్లెండ్ల ఆట ఆగనియ్యం. ఇది నా మాట."

పిట్ట దిగి అన్నం ముట్టింది.

పొద్దుగూకినంక, ఇచ్చిన మాట కోసం టీవీ పెట్టినం. ప్రవళిక తన డ్రమ్ము ముందు కూర్చున్నది. అన్న డ్రమ్ము ముందు ఎవరూ లేరు. అయినా అదే ముందుగాల మోగింది.

ధబ్... ధబ్ ధబ్.

పిల్ల చేతులు జవాబు కొట్టినయి. ఊదుబత్తి వాసన పోయి, తడిసిన బూడిద వాసన లేచింది. పాట అయిపోయింది. డ్రమ్ములు ఆగలే. వైరు గుంజిన. టీవీ నల్లబడ్డది.

ధబ్...

"ఆపు బిడ్డా."

"నేను కొడ్తలేను మామా," గుసగుసగా అన్నది. "చేతులు... అవే..."

పిల్ల చేతుల్లోని డ్రమ్ము పుల్లలు గుంజుకొని పెట్టెలో పెట్టి తాళమేసిన. ఉత్త చేతులతోనే కొట్టింది. అరచేతులు పగిలినయి. డాక్టరు వచ్చి సూదేసిండు. నిద్రలోనూ చేతులు ఆగలే.

"ఇట్లనే ఉంటే గుండె తట్టుకోదు," అన్నడు.

రాత్రంతా అంజన్న కాళ్లమీద పడ్డ. తెల్లారంగనే డ్రమ్ములు రెండూ చంకన పెట్టుకొని గోదావరికి ఉరికిన. ఇంట్ల పిల్ల అప్పటికీ నేల మీద కొడుతనే ఉన్నది. అదే ఇసుకలో డ్రమ్ములు పెట్టి, పక్కన ఇంత అన్నం పెట్టిన.

"కరుణాకరా... మాటిచ్చింది నేను. ఆమెను విడువు, నీకు దండం పెడత."

పిట్ట వచ్చింది. అన్నం ముట్టలే. కరుణాకర్ డ్రమ్ము మీద వాలి ముక్కుతోని కొట్టింది.

ధబ్... ధబ్ ధబ్.

ఫోను మోగింది.

"అన్నా! పిల్ల చేతులు ఆగినయి! పండుకున్నది," వినోద ఏడుస్తున్నది.

ఫోను జేబులో పెట్టి, దేవునికి దండం పెడదామని చేతులెత్తిన. కలువలే. చూసుకున్న... పెట్టెలో తాళమేసిన పుల్లలు నా పిడికిళ్లలో ఉన్నయి.

పిట్ట కొట్టుడు ఆపింది. మెడ వంచి నన్ను చూసింది.

రెండో డ్రమ్ము నా ముందే ఉన్నది.