పసుపు రంగు బిళ్ళ

కాకినాడలో ఆ ఏడాది జనం ఒకరినొకరు కులాసా అడగడం మానేశారు. ఎదుటి మనిషి మెడలో బిళ్ళ చూస్తే సరిపోయేది. రూపాయి నాణెమంత బిళ్ళ. అందులోని సెన్సర్ మనిషి ఊపిరిని వాసన చూసి, జ్వరం రావడానికి మూడు రోజుల ముందే వైరస్‌ను పసిగడుతుంది. వైరస్ ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. రోగుల మధ్య మసిలినవాళ్ళకు, అలా మసిలినవాళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళకు కూడా పద్నాలుగు రోజులు పసుపు. బిళ్ళలు వచ్చిన నాలుగు నెలల్లో ఊపిరి జ్వరం ఊరు వదిలిపోయింది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ సువర్చల మాత్రం చింతూరు వైద్య శిబిరంలోనే ఉండిపోయింది. అక్కడ జ్వరం ఇంకా తగ్గలేదు. భర్త ఓడల మీద తిరిగే మనిషి. కూతురు మైత్రి కాకినాడలో మేనత్త రత్నమాల దగ్గర పెరుగుతోంది. ఎనిమిది నెలలకు సువర్చలకు పది రోజుల సెలవు దొరికింది.

గేటు చప్పుడుకి మైత్రి వరండాలోకి పరుగున వచ్చి, తల్లి మెడలో పసుపు చూసి ఆగింది. రెండు చేతులూ బార్లా చాపింది. సువర్చల సంచి కింద పడేసి ముందుకు వెళ్ళింది.

"రాకమ్మా, కొలుస్తున్నాను," అంది మైత్రి వెనక్కి జరుగుతూ. "బారెడు దూరం ఉండాలి. తగ్గితే నాదీ పసుపైపోతుంది. బళ్ళో రోజూ ప్రాక్టీసు చేయిస్తారు."

"నాకు జ్వరం లేదే."

"అందరూ అలాగే అంటారట. మనిషి మాట కాదు, బిళ్ళ మాట నమ్మమని మా టీచర్ చెప్పింది."

రత్నమాలకు నవ్వాగలేదు. "విన్నావుగా వదినా. మేడ మీద గది కడిగించాను, కంచం మెట్ల మీద పెడతాను. సోమవారం నుంచి దానికి పరీక్షలు. పసుపు పిల్లల్ని బడి గేటు దాటనివ్వరు. ఆ రూలు నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. నిజానికి ప్రయోగాల్లో ఏడు రోజులు చాలని తేలింది. పదకొండు వందల మందిలో ఒక్కరికి కూడా ఏడో రోజు తర్వాత రోగం బయటపడలేదు. కానీ రిపోర్టు రాస్తుంటే మైత్రి గుర్తొచ్చింది. పిల్ల ఎక్కడో ఉంది, తను పక్కన లేదు. ఎందుకైనా మంచిదని ఏడుని పద్నాలుగు చేసింది.

మధ్యాహ్నం, బిళ్ళల రూల్స్ పెట్టిన కమిటీ అధికారికి ఫోన్ చేసింది.

"ఏడు చాలని మేమంటే మూడు గంటలు వాదించి పద్నాలుగు చేయించారు మేడం," అన్నాడాయన. "ఇప్పుడు మీరు ఇంటికొచ్చారని తగ్గిస్తే జనం ఏమనుకుంటారు?"

ఏ బిళ్ళ రంగైనా మార్చగల పాస్‌వర్డ్ ఆమె దగ్గర ఉంది. లాప్‌టాప్ తెరిచింది. కిందటి నెల శిబిరంలో నర్సు నూకరత్నం, పుట్టిన మనవణ్ణి ఒక్కసారి ఎత్తుకుని వస్తానని ఈ సాయమే అడిగింది. కుదరదన్నది తనే. లాప్‌టాప్ మూసేసింది.

రోజూ పొద్దున్నే రత్నమాల మైత్రికి జడ వేస్తుంటే సువర్చల మేడ మీద నుంచి చూసేది. సాయంత్రం లెక్కలు గొంతెత్తి చెప్పేది. పరీక్షలు బాగానే రాసింది పిల్ల.

పదో రోజు శిబిరం బస్సు దాకా సాగనంపడానికి వచ్చింది మైత్రి, బారెడు దూరంలో నడుస్తూ.

"అమ్మా, ఈసారి పదిహేను రోజులు సెలవు పెట్టుకుని రా. పద్నాలుగు అయిపోతాయి కదా, ఆఖరి రోజు నీ దగ్గర పడుకుంటాను."

శిబిరంలో పది రోజులకు మించి ఎవరికీ సెలవు ఇవ్వరు.

"అలాగే తల్లీ," అంది సువర్చల.